ఊఁ కొట్టని పాఠం

ఆ ఇంట్లో కంప్యూటర్ని తిట్టని నోరు ఒక్కటే ఉండేది, దాన్ని కొనుక్కొచ్చిన మనిషిది. కొని పద్నాలుగేళ్ళయింది. మీట నొక్కి, అది లేచేలోగా టీ కాచుకుని తాగి గ్లాసు కడిగి బోర్లించవచ్చు. అయినా ఆయన దాన్ని ఒక్క మాట అననిచ్చేవాడు కాదు. అది ఒకప్పటి ఇనుమనీ, ఇప్పుడొచ్చేవన్నీ రేకు డబ్బాలనీ వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ చెప్పేవాడు. ఇనుమైతే మటుకు నెత్తిన పెట్టుకుని ఊరేగాలా? సరే, ఆయన సంగతి తర్వాత చూద్దాం.

ఆయన భార్యకు ఆ కంప్యూటరుతో నిజంగానే పని పడింది. ఆమె పేము కుర్చీలు అల్లుతుంది. వీధివైపు గదిలో పని, వెనక గదుల్లో కాపురం. ఆ విద్య ఆమెకు అత్తగారు పెట్టిన భిక్ష. నేర్పిందంటే నోటితో అనుకునేరు, కాదు. ఆ గదిలో పని దగ్గర మాట్లాడటం అన్నదే లేదు. అత్తగారు తన మామగారి దగ్గర అలాగే నేర్చుకుంది, కోడలికీ అలాగే నేర్పింది. పక్కన పీట వేసుకుని కూర్చుని చేతులు చూడాలి, అంతే. తప్పు అల్లితే ఆవిడ ఏమీ అనేది కాదు, అల్లిందంతా విప్పేసి పేము బద్ద మళ్ళీ చేతిలో పెట్టేది. సరిగ్గా అల్లితే అసలే ఏమీ అనేది కాదు. పందొమ్మిదేళ్ళలో కోడలు ఆవిడ నోట 'బాగుంది' అన్న మాట ఒక్కసారి కూడా వినలేదంటే నమ్మండి.

అలాగని మూగమనిషి కాదు. ఇరుగుపొరుగుతో ఆవిడ మాట వీధి చివరికి వినపడేది. ఫోనులో అయితే చెప్పనే అక్కర్లేదు. ప్రతి మాటకీ అవతలివాళ్ళు ఊఁ కొట్టాలి. కొట్టకపోతే లైను తెగిపోయిందని కంగారుపడి, "ఉన్నావా? ఊఁ అను, ఊఁ అను" అని వెంటపడేది. తడిపిన పేము చేతిలోకి వచ్చిందంటే మాత్రం ఆ నోటికి తాళం పడేది.

నలుచదరం కుర్చీలు కోడలికి నల్లేరు మీద నడక. చట్రం చుట్టూ కన్నాలుంటాయి. వాటిలోంచి బద్దలు నిలువుగా రెండు వరసలు, అడ్డంగా రెండు వరసలు లాగి, వాటి మీద ఐమూలగా ఇటొకటి, అటొకటి దూర్చుకుంటూ పోతే ఎనిమిది పలకల కళ్ళు వరసగా పడతాయి. గుండ్రటి కుర్చీ అలా లొంగదు. అంచు వంపు తిరిగే చోట కొన్ని కన్నాల్లో రెండేసి బద్దలు దూర్చాలి, కొన్నిటిని వదిలెయ్యాలి. ఏది ఎప్పుడన్నది అత్తగారి వేళ్ళకే తెలుసు. గుండ్రటివి వస్తే ఆవిడ తనే అల్లుకునేది, కోడలి పీట వైపు వాటిని రానిచ్చేది కాదు.

ఆవిడ ఒంట్లో ఓపిక తగ్గుతోందని తెలిశాక మనవరాలు ఒక పని చేసింది. ఒకదాని మీద ఒకటి పేర్చిన కుర్చీల మీద తన కొత్త ఫోను నిలబెట్టి, ఉన్నవాటిలోకెల్లా స్పష్టమైన బొమ్మ వచ్చేలా పెట్టి, "నానమ్మా, ఇది అమ్మ కోసం" అని చెప్పి పరీక్షకు పరుగెత్తింది. అత్తగారు గుండ్రటి కుర్చీ అల్లింది. నలభై నిమిషాల వీడియో. బొమ్మలో చట్రమూ, చేతులూ, పైన తెల్లటి పాపిడీ కనిపిస్తాయి. చివరి తొమ్మిది నిమిషాలూ ఆవిడ పని ఆపి, వెనక్కి వాలి, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే చూస్తూ కూర్చుంటుంది. ఫోను నడుస్తోందన్న సంగతి మరిచిపోయిందని అందరూ అనుకున్నారు. రెండు నెలలకు ఆవిడ పోయింది. పిల్ల ఆ వీడియోని వినే తీరిక లేక అలాగే నాన్న కంప్యూటర్లోకి ఎక్కించి, చోటు కోసం ఫోనులోంచి చెరిపేసి, దూరపు కాలేజీకి వెళ్ళింది. ఇంట్లో మిగిలినవి మీటల ఫోన్లే.

అంత పెద్ద బొమ్మని ఆ ముసలి పెట్టె ఎక్కడ మొయ్యగలదు? చేతులు నెమ్మదిగా కదిలినంతసేపూ ఈడ్చుకుంటూ నడిచేది. అంచు దగ్గర వేళ్ళు చకచకా తిరిగాయో, అక్కడే కొయ్యబారిపోయేది. మళ్ళీ కదిలేసరికి చెయ్యి మూడు కన్నాలు దాటిపోయి ఉండేది. శబ్దమైతే ఎవరో నీళ్ళు పుక్కిలిస్తున్నట్టు గరగర. రెండో రోజునే కోడలు విసుగెత్తి స్పీకరు తీగ పీకి పడేసింది. వినడానికి ఏముంది గనక? అత్తయ్య పని దగ్గర నోరు విప్పదు కదా.

పదకొండు నెలలు అలా గడిచాక గ్రంథాలయం నుంచి కబురొచ్చింది. అక్కడి గుండ్రటి కుర్చీలన్నీ ఒకప్పుడు అత్తగారు అల్లినవే. ఆరింటికి అల్లిక తెగింది. గ్రంథపాలకుడు ఒకటి తెచ్చి దించి, శనివారానికి ఇది కుదిరితే మిగతా ఐదూ పంపిస్తాననీ, కుదరకపోతే అన్నిటికీ చెక్క పలకలు కొట్టించేస్తాననీ చెప్పాడు. పాపం, మర్యాదగానే చెప్పాడు. ముసలావిడతోనే గుండ్రటి పని పోయిందని వీధిలో అంటున్నారని కూడా చల్లగా వినిపించి వెళ్ళాడు.

కోడలు మూడుసార్లు అల్లింది. మూడుసార్లూ అంచుకొచ్చేసరికి అల్లిక కళ్ళు మెల్లకళ్ళయ్యాయి. మూడుసార్లూ తనే విప్పుకుంది. విప్పుతుంటే చేతులకన్నా మనసు ఎక్కువ నొప్పి పెట్టింది. చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, ఆమె లోపల ఒక మాట ఎన్నాళ్ళుగానో కెలుకుతోంది. అత్తయ్య కావాలనే దాచుకుందేమో. పరాయి ఇంటి పిల్ల, దీనికెందుకని అనుకుందేమో. కుర్చీ కుదరకపోతే ఆ మాట నిజమైపోతుందని ఆమె భయం.

మర్నాడు భర్త మరమ్మతు చేసేవాణ్ణి పిలుచుకొచ్చాడు. కంప్యూటరు పొట్ట కోసి చూస్తాడు కాబట్టి అతన్ని అందరూ డాక్టరనేవారు. మెమరీ ఇంకాస్త వేస్తే చాలుగా అని భర్త ఆశగా అడిగాడు. డాక్టరు మూత విప్పి, లోపలి దుమ్ము చూసి దణ్ణం పెట్టాడు. ఎంత మెమరీ వేసినా లాభం లేదనీ, ఇలాంటి వీడియోని విప్పి చూపించే నేర్పు ఈ యంత్రం పుట్టినప్పటికి ఇంకా పుట్టలేదనీ విడమరిచి చెప్పాడు. పోనీ అని వీడియోనే చిన్నది చేసి మరో నకలు తీసి ఇచ్చాడు. అది ఎక్కడా ఆగకుండా నడిచింది. కానీ బద్దకీ బద్దకీ తేడా పోయి, చట్రం నిండా పసుపు ముద్ద పూసినట్టుంది. కోడలు అద్దాలు తుడుచుకుని రెండుసార్లు చూసి తల అడ్డంగా ఊపింది.

ఇక మార్చడమొక్కటే దారి అన్నాడు డాక్టరు. భర్త ముఖం మాడిపోయింది. ఒక్క వీడియో కోసం నిక్షేపంలాంటి దాన్ని ఎవరైనా తీసేస్తారా అని గొణిగాడు. అప్పుడు ఆమె లేచి నిలబడింది.

"ఏమండీ, మీ అమ్మ చేతులు అందులో ఉన్నాయి. మీ పెట్టె నాకు వాటిని సగమే చూపిస్తోంది. మిగతా సగం నాకు కావాలి."

ఆయన మీట నొక్కి దాన్ని ఆర్పేశాడు. తనే వంగి, తీగలు ఒక్కొక్కటీ ఊడదీసి, ఆ ఇనప పెట్టెను పిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు ఎత్తుకుని లోపలి గదిలో పెట్టి వచ్చాడు.

గురువారం పొద్దున్నే కొత్తది వచ్చింది. టిఫిను డబ్బా అంత లేదు. ఇందులో ఏముంటుందని భర్త మూతి విరిచాడు. డాక్టరుకి వేళ్ళాడే తీగ కనపడితే చెయ్యి ఊరుకోదు, ఎవరూ చెప్పకుండానే స్పీకరు తీగ కూడా తగిలించాడు. వీడియో మొదలైంది. తడి పేము మీద వెలుగు, గోటి మీద పాత గాటు, ఒక్కో బద్దా విడివిడిగా కనిపించాయి. చెయ్యి అంచుకు వచ్చింది, ఆగలేదు. గదిలో అత్తగారి గొంతు పలికింది.

"అమ్మాయ్, ఇది ఏడో కన్నం. ఇందులో రెండు బద్దలు. ఈ ఐమూలది ముందు, ఆ ఐమూలది తర్వాత. విన్నావా? ఊఁ అను."

చేతులు ఆగాయి. ఊఁ కోసం ఆగాయి.

"పలకవేం? సరేలే, పనిలో ఉన్నావేమో. ఎనిమిది వదిలెయ్. తొమ్మిదిలో ఒకటే."

ఫోనంటే ఆవిడ లెక్కలో మాట్లాడేది. అమ్మ కోసమని మనవరాలు చెప్పింది కాబట్టి, అవతల కోడలుందనుకుంది. ఎదురుగా పీట మీద కూర్చున్నన్నాళ్ళూ చెప్పలేని మనిషి, ఫోను ముందు కూర్చుని అరగంట సేపు కన్నం కన్నానికీ పాఠం చెప్పింది. వీళ్ళేమో పదకొండు నెలలు ఆ నోరు నొక్కేసి, చేతులు కనపడటం లేదని ఏడ్చారు. మళ్ళీ "విన్నావా?" అని గొంతు అడిగినప్పుడు, గుమ్మం దగ్గర నుంచి కొడుకు ఊఁ అన్నాడు. అన్నాక గోడవైపు తిరిగి నిలుచున్నాడు. డాక్టరు సంచి సర్దుకుని చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోయాడు.

శుక్రవారం ఆమె చట్రాన్ని తెర ముందు పెట్టుకుని కూర్చుంది. అత్తగారు చెప్పడం, కోడలు ఊఁ కొట్టడం, చెయ్యి అందుకోకపోతే కాసేపు ఆపడం. ఆ గదిలో పని దగ్గర రెండు గొంతులు వినపడటం అదే మొదలు. మధ్యలో ఒకచోట, గుండ్రటివి ఇన్నాళ్ళూ నీకెందుకు ఇవ్వలేదంటే, ఇచ్చేస్తే ఇక నాకు పనేముంటుందే అమ్మాయ్ అంది ఆవిడ, పేము లాగుతూ మామూలుగా. కోడలు దానికి ఊఁ అనలేకపోయింది. కళ్ళు తుడుచుకునేదాకా బద్ద అలాగే పట్టుకుంది.

ఐమూల వరసలు ముగింపుకొచ్చాయి. ఇంకా అరచేతి వెడల్పు మిగిలింది.

"ఇంతే. మిగతాది నువ్వు అల్లు. నేను చూస్తా. తప్పయితే విప్పేస్తా."

అని ఆవిడ వెనక్కి వాలింది. ముఖం బొమ్మలోకి వచ్చింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని చూడటం మొదలుపెట్టింది.

కోడలు తల వంచుకుని అల్లింది. ఏడులో రెండు, ఎనిమిది వదిలెయ్యి, తొమ్మిదిలో ఒకటి. ఒకసారి తలెత్తితే ఆవిడ చూస్తూనే ఉంది. ఆఖరి బద్ద దూర్చి, బిగించి, కొస కత్తిరించి, అరచేత్తో అల్లికంతా నిమిరింది. కళ్ళన్నీ అంచుదాకా తిన్నగా నిలిచాయి. శనివారం గ్రంథపాలకుడు దాని మీద కూర్చుని చూసి, ఆ సాయంత్రమే మిగతా ఐదూ పంపించాడు. అది రేపటి మాట.

తొమ్మిది నిమిషాలూ అయిపోయాయి. అత్తగారు చెయ్యి చాచలేదు, ఏమీ అనలేదు. వీడియో ఆగిపోయింది.

"ఊఁ, అత్తయ్యా," అంది కోడలు.