పద్నాలుగో ప్రశ్న

స్టేషన్ మెట్లెక్కి బయటికొచ్చి గడియారం చూసుకుని ఆమె నడక మొదలుపెట్టింది. నీటిగొట్టం కోసం నిన్న సాయంత్రం తవ్విన గుంత ఎడమవైపు కాలిబాటను సగం మింగేసింది. మట్టికుప్ప పక్కన ఆగి, సంచిలోంచి నోటుబుక్కు తీసి రాసుకుంది: "ఎడమ బాట మూసి ఉంది. మందుల షాపు దగ్గర రోడ్డు దాటి కుడివైపు నడవండి. చక్రాల పెట్టె ఉన్నవారు నిదానం." సదస్సు భవనం గాజు తలుపు తోసేసరికి పదకొండు నిమిషాలు. ఇదే దారి ఒకప్పుడు ఏడు నిమిషాలు.

"గుంత వల్లే," అనుకుంది మోకాలు రుద్దుకుంటూ.

ఏటా ఒకసారి ఆ భవనంలో బావుల నీటిమట్టం కొలిచేవాళ్ల సదస్సు జరుగుతుంది. ముప్పై దేశాల నుంచి వస్తారు. వాళ్లకు ముందుగా పంపే ప్రయాణ సమాచారం రాయడం ఆమె ఉద్యోగం. విమానాశ్రయంలో ఏ గేటు దగ్గర రైలెక్కాలి, ప్లగ్గుకు ఎన్ని కాళ్లుంటాయి, కుళాయి నీళ్లు తాగవచ్చా, మందులు తెచ్చుకుంటే ఏ కాగితం చూపించాలి, ఇలాంటివి నాలుగు పేజీలు. తన కళ్లతో చూడని ముక్క ఒక్కటీ రాయదు. విమానం లోపల ఎలా ఉంటుందో ఆమె ఎరగదు గానీ, దిగినవాడు ఏ వైపు తిరగాలో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. ఆఫీసులో అందరికీ ఆమె 'దారి మేడమ్'. అసలు పేరు జీతం కాగితాల మీదే మిగిలింది.

కొత్త చీటీ తలుపుకు అంటిస్తుంటే కాపలాదారు నవ్వాడు.

"ఆఖరి రోజు మేడమ్. ఇవాళ కొత్తగా వచ్చేవాళ్లెవరున్నారు?"

"ఒకాయన రావాలి."

"సర్దుకుని వెళ్లేటప్పుడా?"

"వీసా మొన్ననే చేతికొచ్చిందట. అదీ ఇవాళ్టి వరకే. సాయంత్రం విమానానికి వెళ్లిపోతాడు," అంది ఆమె, చీటీ మూలలు బొటనవేలితో అదిమి అదిమి రుద్దుతూ.

పొద్దున ఇంట్లో మేనకోడలు పసిగట్టేసింది. తమ్ముడి ఇంట్లో ముందుగది ఆమెది. అందరూ చెప్పులు వేసుకోవడానికి, తాళాలు వెతుక్కోవడానికి ఆ గదిలోంచే వెళ్లాలి కాబట్టి ఆమె ఏం చేసినా నలుగురికీ తెలుస్తుంది. పెళ్లి మాటలు రెండుసార్లు ఆ గదిలోకే వచ్చాయి, రెండుసార్లూ వచ్చిన తలుపులోంచే వెళ్లిపోయాయి. ఆ తర్వాత ఎవరూ ఆ ఊసెత్తలేదు, ఆమె కూడా.

"అత్తా, రెండోసారి తల దువ్వుతున్నావ్. ప్రశ్నలాయన ఇవాళేనా?"

"నోరు మూసుకుని కాలేజీకి పో," అంది ఆమె, నవ్వు ఆపుకోలేక.

"పోనీవే, పాపం వదిన్ని ఊరికే ఏడిపించకు," అంది వంటింట్లోంచి మరదలు. ఆ 'పాపం' ఆమెకు చురుక్కుమంది.

ప్రశ్నలాయన ఆ పేరు సంపాదించుకుని పదేళ్లయింది. ఎక్కడో దూరదేశంలో, రోజూ తెల్లవారుజామునే బావుల్లోకి టేపు వదిలి నీళ్లెంత లోతున ఉన్నాయో రాసుకునే చిన్న ఉద్యోగి. ప్రతి సదస్సుకూ బయలుదేరుతున్నానని రాసేవాడు, పద్నాలుగు ప్రశ్నలు అడిగేవాడు, రాలేకపోయేవాడు. ఒక ఏడు వీసా ఇవ్వలేదు. ఒక ఏడు పై అధికారి తానే వెళ్తానన్నాడు. మిగతా ఏళ్లన్నీ ఒకటే మాట: 'ఇంట్లో వీలుపడలేదు, మన్నించండి.' స్టేషన్‌లో మెట్లెన్ని, మధ్యలో ఆగడానికి చోటుందా, రైలు తలుపు దానంతటదే తెరుచుకుంటుందా అని అడిగితే ఆమె వెళ్లి మెట్లు లెక్కపెట్టి వచ్చేది. ఇంకెవరూ అడగని ప్రశ్నలవి.

పద్నాలుగోది మాత్రం ప్రయాణానికి పనికొచ్చేది కాదు. మొదటి ఏడు ఇలా అడిగాడు: 'మీరు కూర్చునే చోటి నుంచి ఏం కనిపిస్తుంది?' ఆమె తలెత్తి చూసి ఒక్క ముక్క రాసింది: 'గోడ.' మరుసటి ఏడు, 'గోడ మీద ఏముంది?' ఉన్నదల్లా ఒక మేకు. అదే రాసింది. మూడో ఏడు, 'మేకుకు ఏం తగిలించారు?' ఆ సాయంత్రమే ఆమె బజారుకు వెళ్లి, నదిలో పడవ బొమ్మ ఉన్న క్యాలెండరు కొని తగిలించి, అప్పుడు జవాబు పంపింది. నాలుగో ఏడు, 'పడవలో ఎవరున్నారు?' 'ఇద్దరు. ఒకరి మొహం కనిపించదు,' అని రాసింది. తేదీలు పాతబడి పుటలు పసుపెక్కినా ఆ క్యాలెండరు దించలేదు. ఏడాది పొడుగునా, ఈసారి ఏమడుగుతాడో అని ఆ గోడను తన కళ్లతో కాక ఇంకొకరి కళ్లతో చూడడం అలవాటైంది.

ఈ ఏడు పదమూడే వచ్చాయి.

మెయిలు కిందిదాకా జరిపి చూసింది, రెండోపుట ఉందేమోనని వెతికింది. పోయినసారి తన జవాబులో ఏదైనా పెడసరంగా పడిందా అని పాతవి తీసి చదువుకుంది. పద్నాలుగోది ఏదని అడగడానికి మొహం చెల్లలేదు. వచ్చే ఏడు నుంచి సదస్సు మరో దేశానికి మారిపోతోంది. అక్కడి దారులు అక్కడివాళ్లెవరో రాస్తారు.

పన్నెండు దాటాక ఆయన వచ్చాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. కాపలాదారును గానీ, చేతిలో ఫోను పట్టుకున్నవాళ్లను గానీ కదిలించకుండా తిన్నగా ఆమె బల్ల దగ్గరికే నడిచి వచ్చాడు. బక్కపలచని మనిషి, ఎండకు నల్లబడ్డ మెడ. ఏళ్ల తరబడి బావుల్లోకి వంగినందుకేమో ఒక భుజం కిందికి జారి ఉంది. పరాయి భాషలో ఒక్కొక్క మాటా ఏరుకుని మాట్లాడాడు.

"పదమూడు నిమిషాలు పట్టిందండీ. మీరు ఏడని రాశారు."

"గుంత తవ్వారండీ," అంది ఆమె. పదేళ్లుగా అనుకున్న మాటల్లో ఇదొక్కటే నోటికొచ్చింది. ఇద్దరికీ నవ్వొచ్చింది.

లోపల ముగింపు సభ చప్పట్లు వినిపిస్తున్నాయి. ఆయన ప్రసంగించాల్సిన సమయం మొన్ననే అయిపోయింది. సభలోకి తీసుకెళ్తానంటే తల అడ్డంగా ఊపాడు.

"మీరు కూర్చునే చోటు చూడొచ్చా?"

పై అంతస్తుకు తీసుకెళ్లింది. ఆయన ఆమె కుర్చీలో కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని గోడకేసి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఇదేనా పడవ?"

"ఇదేనండీ."

"ఆ మొహం కనిపించనిది ఆడమనిషేనని నాతో పందెం కాసింది."

"ఎవరు?"

"మా ఆవిడ. ఆఖరి ప్రశ్న ఎప్పుడూ తనదే. నేను పదమూడే అడిగేవాణ్ని."

ఆమె పక్కనున్న బల్ల అంచు పట్టుకుంది. చెవులు వేడెక్కాయి. పొద్దున రెండుసార్లు దువ్వుకున్న జుట్టు గుర్తొచ్చి, అక్కణ్నుంచి ఎటైనా వెళ్లిపోవాలనిపించింది.

ఆయన ఆ సంగతి గమనించలేదు. గోడతోనే మాట్లాడుతున్నట్టు చెప్పుకుపోయాడు.

"పన్నెండేళ్లు మంచం మీదేనండీ. వెల్లకిలా. మెడ తిప్పడానికి లేదు. రాలేనని తెలిసే మీకు రాసేవాణ్ని, క్షమించండి. మీ జవాబులొచ్చాక రోజుకొకటి చదివి వినిపించేవాణ్ని. ఇద్దరం విమానం దిగేవాళ్లం, రైలెక్కేవాళ్లం, మీ నలభై రెండు మెట్లూ ఎక్కేవాళ్లం. మధ్యలో ఆగుదాం, నాకు ఆయాసం అనేది. ఇక్కడికొచ్చి మీ పక్కన కూర్చునేది. మొన్న చలికాలంలో పోయింది. నేనొక్కణ్నే రావడం ఇదే మొదటిసారి."

కింద ఎవరో కుర్చీలు దొంతరలుగా పేరుస్తున్న చప్పుడు. ఆమె చెవుల వేడి మెల్లగా చల్లారింది. దాని స్థానంలో ఇంకేదో వచ్చి కూర్చుంది, బరువుగా. ఆ ప్రశ్న అడిగింది ఈయన కాదు. ఎవరి కోసమైతే గోడకు మేకు, మేకుకు పడవ వెతికిందో, ఆ మనిషి ఇక ఏ రైలుకూ రాదు. ఆ గొంతెలా ఉంటుందో కూడా ఆమెకు తెలియదు.

"ఆమెకు ఏం కనిపించేదండీ? పడుకున్నచోటి నుంచి?"

ఆయన తిరిగి చూశాడు. ఆ ప్రశ్న తనను ఎవరూ అడగలేదన్నట్టు, చెప్పడానికి ఉబలాటపడ్డాడు.

"పైకప్పు. కానీ కిటికీ తల వెనకుండేది. చేతద్దం ఎత్తిపట్టుకుని వీధి చూసేది. అన్నీ కుడిఎడమలై కనిపించేవి. ఎదురింటివాళ్లు తాళం వేసేది ఎడమచేత్తోనేనని తెగ పోట్లాడేది నాతో, కుడిచేత్తోనని నేను చెబితే నమ్మేది కాదు." భుజానికున్న సంచిలోంచి చొక్కాలో చుట్టిన పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు. "మీకివ్వమంది. తనే రాగలిగితే తన చేత్తో ఇచ్చేదాన్నంది."

ఆమె పొట్లం విప్పలేదు.

"ఇంతకీ ఆ పడవలో?" అన్నాడాయన లేస్తూ. "ఆడమనిషేనంటారా?"

"ఆడమనిషే," అంది ఆమె, బొమ్మకేసి చూడకుండా.

స్టేషన్‌దాకా వస్తానని సంచి తీసుకుంది. ఆయన చేయి అడ్డం పెట్టాడు.

"మీకెందుకండీ శ్రమ? మోకాలు నొప్పిగా ఉన్నట్టుంది. అన్నీ రాశారుగా. మందుల షాపు దగ్గర దాటడం, మూడో ప్లాట్‌ఫారం, తలుపు బటను నొక్కడం. నాకు కంఠతా వచ్చు."

అంత విడమరిచి రాయకపోయినా బాగుండేదేమో అని ఆమెకు మొదటిసారి అనిపించింది. మెట్ల మలుపు దగ్గర ఆయన తల వంచి నమస్కరించి దిగిపోయాడు. జారిన భుజం గాజు తలుపులోంచి బయటపడి, మట్టికుప్ప దగ్గర నిదానించి, తను చెప్పినచోటే రోడ్డు దాటింది.

ఫోను మోగింది. మేనకోడలు.

"వచ్చాడా అత్తా?"

"వచ్చాడు."

"ఏమడిగాడు?"

"ఏమీ అడగలేదే. నేనే అడిగాను," అంది ఆమె. ఫోను పెట్టేసింది.

పైకి వచ్చి పొట్లం విప్పింది. చొక్కా మడతపెట్టి సొరుగులో పెట్టింది. దీపాలు ఆర్పుతున్నారని కింది నుంచి కాపలాదారు పిలిస్తే, వస్తున్నానంటూ చేతిలోది బల్ల మీద పెట్టి లేచింది. పిడి దగ్గర గుడ్డపీలిక చుట్టిన చిన్న చేతద్దం, బల్ల మీద వెల్లకిలా, పైకప్పును చూస్తూ ఉండిపోయింది.