తీసెయ్యని అరంగుళం

పడిన మంచు తొమ్మిది అంగుళాలు. పెరట్లో పరిచిన తెల్ల చెక్క మీద కర్ర నిలబెట్టి కొలిచింది వెల్డా. తర్వాత ఆ మంచులోకి వాన కొలిచే వెడల్పాటి గొట్టాన్ని బోర్లా దించి, అడుగున రేకు దూర్చి, దిమ్మెలా పైకి తీసి వంటింట్లోకి తెచ్చింది. ఇరవై రెండేళ్లుగా వాతావరణ శాఖ కోసం ఈ లెక్క రాయడం మొగుడు ఓరిన్ పని. గొడ్లపాకలో జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు గనక ఈ ఏడు ఆమె నెత్తిన పడింది.

“గీతలున్న సన్న గొట్టంలో అరంగుళం వేడినీళ్లు కొలిచి మంచు మీద పొయ్యి. కరిగాక మొత్తం ఎన్ని అంగుళాల నీళ్లయ్యాయో కొలిచి పుస్తకంలో రాసెయ్,” మంచం మీంచి అరిచాడు ఓరిన్. “మరగబెట్టకు, అది కాఫీ కాదు!”

కరిగాక కొలిస్తే అంగుళం దాటి ఒక గీత.

“ఇందులో అరంగుళం మనం పోసిందేగా? తీసెయ్యాలిగా?”

“తీసెయ్యడమేంటి? నేనెప్పుడూ ఇంతే రాస్తా.”

“తీసెయ్యనప్పుడు కొలిచి పొయ్యడం దేనికయ్యా? చెంబుతో కుమ్మరిస్తే పోయేదిగా!”



వెల్డా వేళ్ల మీద లెక్కేసింది. ఇరవై రెండేళ్లు. పడిన ప్రతి మంచుకీ అరంగుళం కుళాయి నీళ్లు! కొండమీద మంచు ఆటలు నడిపే స్కీ కంపెనీ ఆ పుస్తకాలే పట్టుకు కూచుంది. లోయ మంచులో అందరికీ సరిపడా నీళ్లున్నాయట, ఓరిన్ లెక్కలే సాక్ష్యమట, వాగులో సగం తమకిమ్మంటోంది. వీళ్ల గడ్డిమడులకీ ముప్ఫై ఆవులకీ ఆ వాగే దిక్కు. అడగ్గానే పుస్తకాలు ఇచ్చేశాడు మహానుభావుడు. బదులుగా పాన్‌కేకుల విందు పెట్టి, పేరు చెక్కిన ఇత్తడి పలక చేతిలో పెట్టారు. నీళ్లు దోచేవాళ్లకి తుపాకీ ఎందుకు, ఇత్తడి ముక్క చాలు.

“గురువారం వాగు నీళ్ల విచారణలో చెప్పెయ్, ఓరిన్. పొరపాటైందని.”

“ఊరంతా నవ్వాలా? కూడికలు రానోడినని?”

“తీసివేతలు రానోడివని.”

“నోర్ముయ్!”

గురువారం వెల్డా గొట్టం, డబ్బాలో మంచు, ఫ్లాస్కులో వేడినీళ్లు మోసుకెళ్లి, అధికారి బల్ల మీదే కరిగించి చూపించింది. కంపెనీ లాయరు నవ్వాడు. “వంట బాగుందమ్మా. పుస్తకాల్లో సంతకం మాత్రం మీది కాదుగా?”

అధికారి చక్రాల కుర్చీ వైపు తిరిగాడు. “మీరు చెప్పండి పెద్దాయనా. ఆ అరంగుళం తీసేవారా, లేదా?”

ఓరిన్ ఒళ్లో టోపీని రెండు చుట్లు తిప్పాడు. “కొలవడం నాకొచ్చు.”

“అది కాదు. తీసేవారా?”

“తీసేవాణ్ణి.”

వెల్డా అతని మొహంలోకి చూసింది. అతను టోపీలోకి చూశాడు.

సగం వాగు కంపెనీకి పోయింది. జూలై మొదటి వారానికి కాలవలో రాళ్లు తేలాయి. గడ్డి మోకాలెత్తు రాకముందే మాడింది. ఆవుల్ని లారీ ఎక్కించిన రోజు ఓరిన్ గదిలోంచి బయటికి రాలేదు.

నవంబరులో తొలి మంచు పడింది. చేతికర్ర ఊతంగా తనే వెళ్లి గొట్టం నింపుకొచ్చాడు. నీళ్లు కొలిచి పోశాడు, కరిగించాడు, మళ్లీ కొలిచాడు. గిన్నెలు తోముతూ వెల్డా అతని భుజం మీంచి చూసింది. పుస్తకం అంచున, చీమంత అంకెల్లో, తీసివేత చేస్తున్నాడు.

“ఇప్పుడెవరి కోసం?” అంది.

ఓరిన్ ఆ అంచుని అరచేత్తో కప్పేశాడు.