రేకు మీద పిట్ట

తెల్లారింది. పరదా వెనక బూడిదరంగు వెలుతురు. వాన లోపలికి కారకుండా కిటికీ గట్టుకి కొట్టించిన రేకు ఈపాటికి మంచుకి తడిసి చల్లగా ఉండి ఉంటుంది.

నేను కళ్ళు తెరవలేదు.

పిట్ట రాలేదు.

నిన్నా రాలేదు. మొన్నా రాలేదు. వానలు వెనకబట్టిన దగ్గర్నించీ రావడమే మానేసింది. ఒకప్పుడు ఈ వేళకి రేకు మీద గోళ్ళ చప్పుడు... తర్వాత గొంతు సవరించుకున్నట్టు ఒక చిన్న కూత... ఆ తర్వాత ఇక ఎవరు చెప్పినా ఆపేది కాదు.

పోనీలే. దానికీ విసుగొచ్చి ఉంటుంది.

లేవాలి. లేవాలనిపించటం లేదు. పడుకునే ఇంకాసేపు విన్నాను. కళ్ళు మూసుకుని లోకాన్ని చూడటం నాకు అలవాటు. అలవాటేమిటి, అదే నా తిండి.

సినిమాల్లో వినపడే చప్పుళ్ళు చేస్తాను నేను. తెర మీద ఎవరో నడుస్తారు. చీకటి గదిలో వాళ్ళ బదులు నేను నడుస్తాను. పళ్ళెంలో బియ్యం దొర్లిస్తే వాన. పిండిసంచి పిసికితే మంచులో అడుగులు. ముల్లంగి విరిస్తే ఎముక. పాత గొడుగు టపటపా తెరిచి మూస్తే రెక్కలు. హీరో చెంప మీద పడే దెబ్బ... అది నా తొడ. ఎంతమంది హీరోల బదులు దెబ్బలు తిన్నానో, ఒక్కడూ వచ్చి నొప్పెట్టిందా అని అడిగిన పాపాన పోలేదు.

స్టూడియోలో నన్ను చప్పుళ్ళక్క అంటారు. అసలు పేరు చెక్కు రాసేటప్పుడు తప్ప ఎవరికీ గుర్తుండదు.

ఈ విద్య నాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. వాన నేర్పింది. వంటిల్లు నేర్పింది. ఎండిన బాదం ఆకు సిమెంటు మీద ఈడ్చుకుంటూ పోతుంటే ఆగి విన్నాను... ఆస్పత్రి వరండాలో ఎవరో పెద్దావిడ చెప్పులు. తడి దుప్పటి పిండుతుంటే విన్నాను... ఏడుపు దిగమింగుకునే గొంతు. ఎక్కడ పనుంటే అక్కడ చెవి పెట్టేదాన్ని. కూరలకని వెళ్ళి సంచిలో చప్పుళ్ళు వేసుకొచ్చేదాన్ని, కూరలు మర్చిపోయి.

ఈ ఏడు సంచి ఖాళీ.

ఆకులు రాలుతున్నాయి, మాట్లాడకుండా. తాళాల గుత్తి చేతిలోంచి జారుతుంది, నేల మీద పడినట్టే ఉండదు. కొళాయి చుక్క చుక్కగా కారుతుంటే కంటితో చూసి కట్టేయాల్సి వస్తోంది.

లోకం అలిసిపోయింది. నాలాగే.

అలా అనుకున్నాను. నిజంగానే అలా అనుకున్నాను.

కుక్కర్ సంగతీ అంతే. ఈల సరిగా వేయటం లేదు. రబ్బరు మార్చాను. వెయిటు మార్చాను. ఆఖరికి కుక్కర్నే మార్చాను. కొత్తదీ అదే తీరు, ఒకే తాను ముక్క. అన్నం రోజూ ముద్దయిపోతోంది. అత్తయ్య మారుమాట్లాడకుండా తింటున్నారు.

ఇంట్లో మేమిద్దరమే. ఆయన పోయాక మిగిలింది అత్తాకోడళ్ళం. అత్తయ్యది కీచు గొంతు. నా పెళ్ళయిన కొత్తలో ఆవిడ వంటింట్లోంచి పిలిస్తే వీధి చివర పడుకున్న కుక్క లేచి కూర్చునేది. అలాంటి గొంతు ఈ మధ్య మెత్తబడింది. సగం మాటలు పెదాల దగ్గరే ఆగిపోతున్నాయి. పాపం, వయసు... కొడుకు దుఃఖం... అనుకున్నాను. లోపల్లోపల కాస్త హాయిగా కూడా అనిపించింది. అబద్ధమెందుకు.

ఆ రోజుల్లోనే ఈ సినిమా వచ్చింది.

దర్శకురాలు చిన్న పిల్ల. తొలి సినిమా. చివరి దృశ్యంలో ఒక గది. మంచం మీద జబ్బు మనిషి, పక్కన కుర్చీలో అతని భార్య. రాత్రంతా మేలుకుని ఉంది. తెల్లారుతుంది. కిటికీ దగ్గరికి ఒక పిట్ట వస్తుంది. మాటలు లేవు, సంగీతం లేదు, పిట్ట తెర మీద కనపడదు కూడా. చప్పుడుని బట్టే తెలియాలి, ఆవిడ తల తిప్పి చూడాలి. అక్కడితో సినిమా అయిపోతుంది.

రికార్డు చేసి దాచిన చప్పుళ్ళ లైబ్రరీలో వెయ్యి పిట్టలున్నాయి తల్లీ, ఏదో ఒకటి తీసుకోమన్నాను. వెయ్యి వద్దక్కా, ఆ ఇంటికి వచ్చే పిట్ట ఒక్కటే కావాలి అంది.

నాకు కోపం రాలేదు. కోపానికి కూడా ఓపిక కావాలి. పైగా ఆ పిల్ల అడిగింది సరైనదే, ఒకప్పుడు నేనూ అలాగే అడిగేదాన్ని.

నీళ్ళు పోసి ఊదే మట్టిపిట్ట ఒకటుంది నా దగ్గర. తెర ముందు నిలబడి ఊదాను.

ఏమీ రాలేదు. ఉత్త గాలి.

ఇంకాస్త గట్టిగా ఊదాను. ఉత్త గాలే. బుగ్గలు నొప్పెట్టేలా, కళ్ళు బైర్లు కమ్మేలా ఊదాను... గాజు అద్దం అవతల రికార్డిస్టు అన్న హెడ్‌ఫోన్లు లాగి బల్ల మీద పడేశాడు. రెండు చెవులూ అరచేతులతో మూసుకున్నాడు.

పిట్ట పగిలినట్టుందన్నా, పలకటం లేదు అన్నాను.

అన్న నావైపు చాలాసేపు చూశాడు. అన్నది లావు గొంతు, పీపాలోంచి మాట్లాడినట్టుంటుంది. ఆ గొంతు తగ్గించి, ఇవాళ్టికి చాల్లేమ్మా, ఇంటికెళ్ళు అన్నాడు. దర్శకురాలు నేలచూపులు చూస్తోంది.

ఇంటికి నడిచే వచ్చాను. దారి పొడవునా చెట్లున్నాయి. ఒక్క చెట్టు కింద కూడా ఆగలేదు. ఈ ఒక్క పిట్టా అందకపోతే పని మానేద్దామనుకున్నాను. వినడానికి ఏమీ మిగలని లోకంలో చప్పుళ్ళు చేసి ఎవరిని ఉద్ధరించాలి? అలా అనుకుంటే ఏడుపొచ్చింది. ఈ పని తప్ప నాకు ఇంకేమీ రాదు. ఇంకేమీ ఇష్టం కూడా లేదు.

మర్నాడు మళ్ళీ తెల్లారింది. మళ్ళీ కళ్ళు మూసుకుని పడుకుని విన్నాను.

పిట్ట రాలేదు.

లేచి కూర్చున్నాను. అత్తయ్య మంచినీళ్ళు తాగుతూ గదిలోకి వచ్చారు. ఎవరితోనో ఒకరితో అనాలి కదా...

"పిట్టలన్నీ ఎటు పోయాయో అత్తయ్యా. ఒక్క కూత వినపడి ఎన్నాళ్ళయిందో."

అత్తయ్య గ్లాసు కింద పెట్టారు. నా ముందుకొచ్చి నిలబడ్డారు. పెదాలు కదిలాయి. ఎక్కడో పక్కింట్లోంచి వచ్చినట్టు సన్నగా ఏదో మాట. ఏమిటీ అన్నాను. మళ్ళీ కదిలాయి. ఆవిడ మెడ మీద నరాలు ఉబ్బాయి.

నెమ్మదిగా మాట్లాడే మనిషికి మెడ నరాలు ఉబ్బవు.

ఆవిడ అరుస్తున్నారు. నా ముఖంలో ముఖం పెట్టి అరుస్తున్నారు.

నేను పెదాలనే చూస్తున్నాను. అత్తయ్య చెయ్యి చాచి పరదా లాగేశారు.

రేకు మీద పిట్ట.

గుప్పెడంత పిట్ట. రేకు మీద నిలదొక్కుకుని, ముక్కు పైకెత్తి, నోరంతా తెరిచి. గొంతు ఉబ్బుతోంది... తగ్గుతోంది. ఉబ్బుతోంది... తగ్గుతోంది. ఒళ్ళంతా అదిరిపోతోంది ఆ కూతకి.

చప్పుడు లేదు.

నా దగ్గరికి వచ్చే సినిమాలు అలాగే ఉంటాయి. మనుషులు నడుస్తుంటారు, తలుపులు పడుతుంటాయి, ఏదీ వినపడదు. ఎందుకంటే నేనింకా చప్పుడు పెట్టలేదు.

భయమేసింది. లోకం అలిసిపోలేదు. అది ఎప్పట్లాగే అరుస్తోంది, వాగుతోంది, ఈలలేస్తోంది. చెవులు పోయింది నాకే. రోజూ ఈ పరదాకి మూరెడు దూరంలో, కళ్ళు మూసుకుని, పిట్ట రాలేదని తేల్చుకున్నాను. ఒక్కరోజు, ఒక్కరోజు కళ్ళు తెరిచి చూసినదాన్ని కాదు.

మంచం మీద కూలబడ్డాను. అత్తయ్య పక్కన కూర్చుని నా చెవి దగ్గరికి వంగారు. కీచు గొంతుని అడుక్కి దింపి, ఒక్కో మాటా విడదీసి చెప్పారు.

"పిలిస్తే పలకవు. వాడు పోయాక నేనంటే విసుగు పుట్టిందేమో అనుకున్నా. అన్నం మెత్తగా వండుతుంటే మాత్రం, పోనీలే, నా పళ్ళు తలుచుకుని వండుతోంది అనుకున్నా."

నాకు వినపడని ఈలల వల్ల ముద్దయిన అన్నాన్ని ఆవిడ ఇన్నాళ్ళూ దయ అనుకుని తిన్నారు. నా మౌనాన్ని కోపమనుకుని మింగారు. ఒక్క మాట అడిగి ఉంటే తేలిపోయేది. ఆవిడ అడిగే ఉంటారు. నాకు వినపడి ఉండదు.

ఏడ్చాను. ఆవిడా ఏడ్చారు. నా ఏడుపు నాకే సరిగ్గా వినపడలేదు.

పిట్ట ఇంకా అక్కడే ఉంది.

ఎలా కూస్తోంది అత్తయ్యా అని అడిగాను. ఆవిడ చెప్పబోయి ఆగారు. పిట్ట కూతని ఏ మాటల్లో చెబుతారు? నా మణికట్టు అందుకున్నారు. చూపుడువేలు ఆనించారు.

ఒక పొడుగు నొక్కు. రెండు చిన్నవి. ఆగింది. మళ్ళీ పొడుగు. ఈసారి వణుకుతూ...

పిట్ట గొంతు చూశాను. అత్తయ్య వేలు చూశాను. రెండూ కలిశాయి.

అలా ఎంతసేపు కూర్చున్నామో. అప్పుడే మొదటిసారి పిట్టని చూశాను నేను, ఇన్నేళ్ళు విని కూడా. అది రెండు మూడు సార్లు ఎగిరిపోయి మళ్ళీ వచ్చింది. వాలగానే కూయదు. రేకు తడిగా ఉంటుంది కదా, ముందు ఒక కాలు జారుతుంది. నిలదొక్కుకుంటుంది. రెండు గెంతులు. ఆగి, ఇంట్లోకి ఒక చూపు. ఇంకో గెంతు. ఎవరింటికో వచ్చి, ఉన్నారో లేదో అని గుమ్మంలో తటపటాయించే చుట్టం తీరు. ఆ తటపటాయింపు అంతా అయ్యాకే కూత.

స్టూడియోకి వెళ్ళాను. దర్శకురాలు ఇంకా రాలేదు. అన్న ఒక్కడే అద్దం అవతల కూర్చుని ఉన్నాడు. గదిలోకి వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"అన్నా, నాకు సరిగ్గా వినపడటం లేదు."

"తెలుసమ్మా," అన్నాడు. ఆ లావు గొంతు మాత్రం నాకు చక్కగా అందుతుంది.

వానాకాలం నుంచే తెలుసట. నేను ఎండుటాకులు నలిపితే పెంకులు విరిగినట్టు వస్తోందట, గాజులు కదిపితే గంటలు కొట్టినట్టు ఉంటోందట. నేను పెంచుకుంటూ పోతే ఆయన తగ్గించుకుంటూ వచ్చాడు. చెబితే నేను పని మానేస్తానని భయపడ్డాడట. చెవులు చూపించుకో, ఊరుకోకు అన్నాడు. సరే అన్నాను. చూపించుకుంటాను. డాక్టర్లు ఏం చెబుతారో తలుచుకుంటే కాళ్ళు ముందుకి పడటం లేదు గానీ, వెళ్తాను.

ఇవాళ మాత్రం పిట్ట పని ఉంది.

పాత తోలు గ్లవ్ తీసుకుని, రెండు వేళ్ళ కొసలకి గుండుసూదులు వంచి గుచ్చాను. బిస్కెట్ డబ్బా మూత తడిపి బల్ల మీద పెట్టాను. దర్శకురాలు వచ్చి కూర్చుంది. దీపాలు ఆరాయి. తెర మీద గది, మంచం, కుర్చీలో ఆవిడ.

ఈసారి కళ్ళు మూసుకోలేదు.

గొడుగు ఒక్కసారి, మెల్లగా... రెక్కలు ముడిచింది. సూదులు రేకు మీద ఆన్చాను. ఒకటి జారింది. నిలదొక్కుకుంది. రెండు గెంతులు. ఆగాను. ఊపిరి బిగబట్టి ఆగాను. ఇంకో గెంతు. అందులో సగమే నాకు వినపడింది. మిగతా సగం వేళ్ళకి తెలిసింది.

తెర మీద ఆవిడ తల తిప్పింది.

నేను చెయ్యి ఎత్తేశాను.

దీపాలు వెలిగాయి. దర్శకురాలు లేచి నా దగ్గరికొచ్చి ఏదో అడిగింది. అందలేదు. వినపడలేదమ్మా, దగ్గరికొచ్చి చెప్పు అన్నాను. అలా అనడం అదే మొదటిసారి. అనుకున్నంత కష్టంగా లేదు. తేలిగ్గానూ లేదు.

"కూయదా అక్కా?"

"కూస్తుంది. ఇంకా కూయలేదు."

ఆ పిల్ల అన్న వైపు చూసింది. అన్న హెడ్‌ఫోన్లు తీయలేదు. మళ్ళీ మొదట్నించీ వేసి వింటున్నాడు. ఈసారి ఏ మీటనీ తగ్గించటం లేదు. అద్దంలోంచి ఆయన చేతులనే చూశాను.

తెల్లారింది. బూడిదరంగు వెలుతురు. పరదా తీసే ఉంచుతున్నాం ఇప్పుడు.

కిటికీ దగ్గర రెండు కుర్చీలు. అత్తయ్య వేలు నా మణికట్టు మీద. ఒక పొడుగు... రెండు చిన్నవి... ఆగింది.

ఆగే ఉంది.

వెళ్ళిపోయిందా అత్తయ్యా అని తిరిగి చూశాను. ఆవిడ తల పక్కకి వాలిపోయింది. నోరు తెరుచుకుంది. గురక. ఏం విడ్డూరమో, పిట్ట కూత పోయింది గానీ ఈవిడ గురక మాత్రం అక్షరం పొల్లుపోకుండా వినపడుతుంది నాకు.

ఆవిడ వేలు మెల్లగా తీసి ఒళ్ళో పెట్టాను. ముడతలు పడ్డ మణికట్టు మీద నా వేలు ఆనించాను.

రేకు మీద పిట్ట. గొంతు ఉబ్బుతోంది... తగ్గుతోంది.

ఒక పొడుగు. రెండు చిన్నవి.

ఉబ్బుతోంది...