గుడ్డు వాసన లేని కట్టు

మావారి పరుగుల జట్టులోని మునిరత్నమ్మ వస్తుందని తెలిసి ఆ సాయంత్రం వెనక వసారా కడిగి, మంచం వేయించి ఉంచాను. కాలికి పుత్తూరు కట్టు కట్టించానని, హాస్టలు మెట్లు ఎక్కే వీలు లేదు కాబట్టి వారంపాటు మన ఇంట్లోనే ఉంటుందని మావారు మధ్యాహ్నమే కబురు పంపారు. విరిగిన ఎముకకు వేసే పుత్తూరు కట్టు అంటే ఆకుపసరు, వెదురుబద్దలు, కోడిగుడ్డు తెల్లసొన. మాది పెరుమాళ్ళకు నైవేద్యం కానిదే ఎవరూ ముద్ద నోట పెట్టని ఇల్లు. నా చిన్నతనంలో, చంద్రగిరిలో, మా తమ్ముడు శఠగోపం చెయ్యి విరగ్గొట్టుకుంటే, కట్టు విప్పేదాకా మా అవ్వ వాణ్ణి వంటింటి గడప తొక్కనివ్వలేదు. విస్తరి వసారాలోకి జరిపి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని దూరంనుంచే వడ్డించేది. ఆ వాసన నాకిప్పటికీ గుర్తే. అందుకే సాంబ్రాణి కూడా సిద్ధంగా పెట్టుకున్నాను.

సాంబ్రాణి అవసరం రాలేదు. పిల్ల రిక్షా దిగి, నా భుజం పట్టుకుని కుంటుతూ వసారాలోకి వచ్చింది. మంచంమీద కూర్చోబెట్టి, కాలికింద దిండు పెట్టాను. వంగినప్పుడు నా ముక్కు కట్టుకు జానెడు దూరంలో ఉంది. ఏ వాసనా లేదు. ఎక్కడో కొంచెం గంజి వాసన, అంతే.

మావారు వేంకటాచలపతి తిరుపతిలో ఒక కాలేజీకి ఫిజికల్ డైరెక్టరు. ఊళ్ళో డ్రిల్లు మాస్టారనే అంటారు. ఆడపిల్లలకు దూరపు పరుగుల జట్టు పెట్టిన రోజున కాలేజీలో నవ్వనివాళ్ళు లేరు. నిరుడు ఆ జట్టు కాలేజీల పోటీలో మొదటి స్థానం తెచ్చేసరికి నవ్వులు ఆగాయి కానీ, మెచ్చుకోలు మాత్రం ఆయన దాకా రాలేదు. సన్మానసభలో పెద్దలందరూ మునిరత్నమ్మ మెడలో దండలు వేశారు. సత్యవేడు పక్క పల్లెలో వేరుశనగ చేల గట్లమీద పరిగెత్తి పెరిగిన పిల్ల, పుట్టుకతో వచ్చిన కాళ్ళు, నేర్పితే వచ్చేదా అని ముగ్గురు మాట్లాడారు. ముగ్గురిలో ఒక్కరూ శిక్షణ అన్న మాట ఎత్తలేదు. మావారు వేదిక పక్కన కుర్చీలు సర్దిస్తూ నిలబడ్డారు.

చరిత్ర చెప్పే చెంగల్రాయుడు గారు మా వీధిలోనే ఉంటారు. సభ అయ్యాక మా గేటు దగ్గర నిలబడి, నాకు వినబడేట్టే అన్నారు.

"ఆవు పాలిస్తే, పలుపు పట్టుకున్నోడికి దండేస్తారా అప్పా? నీకెందుకు బాధ?"

మావారు ఆరోజు నవ్వి ఊరుకున్నారు. కానీ ఈ ఏడు పోటీలు దగ్గర పడుతుండగా, అదే గేటు దగ్గర, అదే చెంగల్రాయుడు గారితో ఆయన అన్న మాట కూడా నేను విన్నాను.

"ఈ తూరి ఆ పిల్ల లేకుండానే గెలిపించి సూపిస్తా. అప్పుడు మాట్లాడు."

ఆ మాట అన్న నాలుగో రోజున పిల్ల కాలికి కట్టు పడింది.

పిల్లకు ముంగాలి ఎముక నొప్పి ఉన్నమాట నిజమే. పరుగు అయ్యాక కాలు నొక్కుకుంటూ కూర్చోవడం నేనూ చూశాను. ఎలా కట్టారని అడిగితే ఇలా చెప్పింది. సారు ఆటల సామాన్ల గదికి పిలిపించారట. అక్కడ తలపాగా చుట్టుకున్న ముసలాయన ఉన్నాడు, పుత్తూరునుంచి వచ్చాడని సారు చెప్పారు. అతను కళ్ళు మూసుకుని కాలు తడిమి, సన్నగా చిట్లిందన్నాడు. తాను మళ్ళీ వచ్చేదాకా విప్పితే కాలు వంకర పోతుందన్నాడు.

పోటీ వారంలోకి వచ్చింది. పిల్లకు హాస్టల్లో ఉచిత సీటు. యూనివర్సిటీ జట్టులో ఉన్నన్నాళ్ళే ఆ సీటు. ఆ జట్టుకు ఈ ఒక్క పోటీలోనే ఎంచుతారు. పరిగెత్తకపోతే ఎంపిక లేదు, ఎంపిక లేకపోతే సీటు లేదు.

"మా నాయన ఒకటే మాట చెప్పి పంపినాడమ్మా, సీటు పోతే పెట్టె సర్దుకోని వచ్చెయ్యమని. హాస్టలుకు కట్టేదానికి మా తావ దుడ్డు యాడుండాది?" అంది. ఏడవలేదు. గోడమీది క్యాలెండరు వైపు మాత్రం చూడడం మానేసింది.

నేను బి.ఏ. చదివింది ఈ ఊళ్ళోనే. ఆ చదువు ఇంటిపనిలో ఎక్కడ పనికొచ్చిందంటే చెప్పలేను కానీ, రెండు విషయాలు పొసగకపోతే నాకు నిద్ర పట్టదు. జట్టులో మేటి పిల్ల మంచాన పడితే, జట్టును తీర్చే మనిషి దిగులుగా ఉండాలి. మావారు ఆ వారమంతా పెరుగన్నం మారు అడిగి తిన్నారు. తెల్లవారకముందే మిగతా అయిదుగురినీ చంద్రగిరి దారిన పరిగెత్తించి, సైకిలుమీద వెనకాలే పోయి, ఎండెక్కాక పాశురం ఏదో గొణుక్కుంటూ ఇంటికి వచ్చేవారు. పిల్ల కాలు ఎలా ఉందని ఒక్కనాడూ అడగలేదు. వస్తూనే నన్ను అడిగేది ఒకటే.

"బయటికి పోయిందా?"

లేదనేదాన్ని.

"పోనీయొద్దు."

మూడోనాడు పగటి వెలుతురులో కట్టు అడుగంచు చూశాను. గంజికి గట్టిపడిన గుడ్డమడతలోంచి సన్నని ఆకుపచ్చ, ఎర్ర అంచు కనబడింది. అది మావారి పాత పంచె. నేను గిన్నెలు దించడానికి మసిగుడ్డలుగా చింపుదామని పక్కన పెట్టి, కనబడక వెతికినదే. రాత్రి భోజనాల దగ్గర, పుత్తూరాయన మన పంచె చింపాడేమిటని అడిగాను. గుడ్డ కావాలన్నాడు, ఇచ్చినాను అన్నారు. తల ఎత్తలేదు. గుడ్డు సంగతి నేను అడగలేదు. రెండు అనుమానాలున్నప్పుడు ఒకటి అడిగి, రెండోది దాచుకోవడమే మంచిది.

ఆ తర్వాత మనిషిని చూస్తూ ఉన్నాను. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆయన నాతో అబద్ధమాడిన గుర్తు లేదు. కానీ దండ పడని మెడ ఎంత బరువో నాకేం తెలుసు? ఒక పల్లెటూరి పిల్ల సీటు పోయినా సరే, తన పేరు నిలవాలని అనుకునేంత బరువా? అనుకున్న కొద్దీ ఆయన కాఫీ తాగే తీరు కూడా వేరుగా కనబడింది.

పోటీనాడు ఆయన మసక వెలుతురులోనే సంచి తగిలించుకుని వెళ్ళిపోయారు. జట్టుకు ఆరుగురు, ఎప్పటిలాగే నేను ఆరు నంబరు గుడ్డలకూ నాడాలు కుట్టి ఇచ్చాను. పరిగెత్తేది అయిదుగురేనని ఆయనా అనలేదు, నేనూ అడగలేదు.

పిల్ల వసారా మెట్టుమీద కూర్చుని ఉంది. నేను కాఫీ ఇచ్చి పక్కన కూర్చున్నాను. కట్టులో బద్దల సందున, ఎముక ఉండే చోట బొటనవేలితో గట్టిగా నొక్కాను. పిల్ల నా మొహం చూసిందే కానీ కాలు లాక్కోలేదు.

"నొప్పి ఉందా?"

"లేదమ్మా. కట్టేసిన రెండోనాడే పాయ. పుత్తూరు కట్టు మహిమ."

"ఆ కట్టులో గుడ్డు లేదు పిల్లా."

పిల్ల కాలు రెండు చేతులతో పైకెత్తి, మెడ వంచి వాసన చూసింది.

"మా యన్న సింతచెట్టుమీంచి పడితే పుత్తూరుకు ఎత్తకపోయినారమ్మా. ఆ కట్టుతో వీదిలో పోతా ఉంటే ఊరి కుక్కలన్నీ వాని ఎనకాలే. రాయి తీసుకోని నేను కాపలా పోయేదాన్ని." కాలు కిందికి దించి అంది. "నా ఎనకాల ఒక్క కుక్కా రాలే."

విప్పుదామన్నాను. వద్దంది. సారు మాటైనా జవదాటుతాను కానీ కట్టు మాట దాటను, కాలు వంకర పోతే ఎవరు దిక్కు అంది. వంకర పోతే బతికినన్నాళ్ళూ నా ఇంట్లో ఉండు అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో తెలియదు. వచ్చాక వెనక్కి తీసుకోదలచుకోలేదు.

కత్తెర కోసం కుట్టుమిషను సొరుగు లాగాను. లేదు. అది ఎప్పుడూ ఉండే చోటు అదే. వెతకడానికి పొద్దు లేదు. బాయిలరులో కాగుతున్న నీళ్ళకు చన్నీళ్ళు కలిపి తెచ్చి, చెంబుతో కట్టుమీద పోస్తూ కూర్చున్నాను. గంజి కరిగి మెట్లమీద తెల్లగా పారింది. వెదురుబద్దలు ఊడివచ్చాయి. పసరు లేదు, ఆకు లేదు. లోపల కాలు నానిపోయి, కాస్త పాలిపోయి ఉంది. వాపు లేదు. పిల్ల లేచి నిలబడింది. ఒక అడుగు వేసింది. ఇంకొకటి వేసింది. పెరట్లో తులసికోట చుట్టూ ఒకసారి నడిచి, రెండోసారి నడవలేదు, పరిగెత్తింది.

నేను చీర కూడా మార్చుకోలేదు. రిక్షా పిలిచి యూనివర్సిటీ మైదానానికి పోనిమ్మన్నాను. దారి పొడవునా పిల్ల గుడ్డజోళ్ళ తాళ్ళు కట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది.

మైదానం గేటులోపల తలపాగా చుట్టుకున్న ముసలాయన డబ్బాతో సున్నం గీత పోస్తున్నాడు. పిల్ల నా మోచెయ్యి పట్టుకుంది.

"అమ్మా, పుత్తూరాయన."

అతను మమ్మల్ని చూసి, సున్నం డబ్బా అక్కడే పెట్టి, గోడ వెనక్కి పోయాడు.

పిల్లలు గీత దగ్గరకు చేరుతున్నారు. మావారు మా వైపు చూశారు. ముందు పిల్ల కాలు చూశారు, తర్వాత నా మొహం. నేను ఆయన మొహంలో కోపం వెతికాను, సిగ్గు వెతికాను. రెండూ కనబడలేదు, లేదా నాకు పోల్చుకోవడం రాలేదు. సంచిలోంచి ఆరో నంబరు గుడ్డ తీసి, పిల్ల వీపుకు తానే నాడాలు కట్టారు.

"మొదట్లో ఎనకే ఉండు. కెనాలు దాటినాక పో," అన్నారు. అంతే.

మునిరత్నమ్మ తిరిగి గేటులోకి వచ్చినప్పుడు ఆమె వెనక రోడ్డుమీద ఎవరూ లేరు. నిరుడు ఇంత తేడాతో గెలవలేదు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ తర్వాత వచ్చిన గుంపులో మా పిల్లలు ముగ్గురు ఒకరి భుజం ఒకరికి తగిలేంత దగ్గరగా వచ్చారు. నిరుడు వాళ్ళు ఎక్కడెక్కడో చెదిరి వచ్చినవాళ్ళే. జట్టు స్థానం లెక్కకట్టేది మొదటి నలుగురినీ కలిపి. మా జట్టే గెలిచింది. మునిరత్నమ్మ పేరు యూనివర్సిటీ జట్టుకు మైకులో చదివారు.

చెంగల్రాయుడు గారు జనంలోంచి వచ్చి, నేను చెప్పలా, కాళ్ళంటే అవీ అన్నారు. ప్రిన్సిపాలు గారు మాత్రం మావారి చెయ్యి పట్టుకుని, వారం మంచాన పడిన పిల్ల ఇలా ఎలా పరిగెత్తిందయ్యా అని అడిగారు.

"విశ్రాంతి కూడా శిక్షణే సార్," అన్నారు మావారు.

నేను అడుగు దూరంలో ఉన్నాను. ఆ మాట తడుముకోకుండా వచ్చింది. వారం రోజులుగా నోట్లో పెట్టుకున్న మాటా, లేక పిల్ల గేటులోకి వచ్చిన క్షణాన పుట్టిన మాటా, నాకు తెలియలేదు. ఈసారి దండ ఆయన మెడలో కూడా పడింది.

ఇంటికి వచ్చాక, కాళ్ళు కడుక్కుంటున్న మనిషిని అడిగాను. ఎందుకు చేశారు అని.

"ఆ పిల్లకు పరిగెత్తడం వచ్చు కోమలా, ఆగడం రాదు. కాలు నొప్పి ముదురుతా ఉండాది, ఆగు అని ఎన్నితూర్లు చెప్పినానో. నా ముందర తలూపేది. తెల్లారకముందే హాస్టలు గోడ దూకి ఒంటిగా పరిగెత్తేది. నా మాట వినదు, డాక్టరు మాట వినదు. కట్టు మాట ఒకటే వింటుంది."

"నాకు చెప్పచ్చు కదా."

"నీ మొహాన అబద్ధం నిలవదు. పిల్ల ఒక పూటలో కనిపెట్టేసుండేది."

అదీ నిజమే. ఆయన చెప్పినదంతా పొసిగింది. గేటు దగ్గర అన్న మాట ఒక్కటే పొసగలేదు.

"చెంగల్రాయుడు గారితో ఆ పిల్ల లేకుండానే గెలిపిస్తానన్నారు. నేను విన్నాను."

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. అవసరమైన దానికన్నా ఎక్కువసేపు తుడుచుకున్నారు.

"ఆయన నోరు మూయించడానికి ఏదో అన్నాను."

"ఈరోజు నేను విప్పకపోయుంటే?"

"పెరుమాళ్ళకు దీపం పెట్టినావా? పొద్దుపోయింది," అని లోపలికి వెళ్ళారు.

మునిరత్నమ్మ హాస్టలుకు వెళ్ళడానికి గుడ్డలు మూట కట్టుకుంటోంది. ఆమెకు ఏ అనుమానమూ లేదు. గుడ్డున్నా లేకపోయినా కట్టు కట్టేనమ్మా, కాలు ఎంత తేలిగ్గా పోయిందో అంది. వెదురుబద్దల్లో ఒకటి అడిగి తీసుకుంది. రిక్షా ఎక్కేముందు మావారి కాళ్ళకు దండం పెట్టి, నా కాళ్ళకూ పెట్టింది. ఇద్దరిలో ఎవరు ఎక్కువ చేశారని ఆ పిల్ల లెక్క చూసుకోలేదు.

చెమట గుడ్డలు నానబెడదామని ఆయన సంచి బోర్లించాను. నంబరు గుడ్డలు, ఈల, నిమ్మతొక్కలు, అడుగున నా కత్తెర.

కట్టు కోయడానికి తీసుకుపోయారా? కానీ పిల్ల ఉన్నది ఇంట్లో, కత్తెర పోయింది మైదానానికి. ఎవరినైనా పంపి పిల్లను అక్కడికే పిలిపిద్దామనుకున్నారేమో. లేక నేను కుట్టిన నాడాలు ఎప్పుడూ పొడుగే, వాటిని కత్తిరించడానికేనేమో. నాడాలు విప్పి చూశాను. కొన్ని కొసలు తెగి ఉన్నాయి, కొన్ని నేను కుట్టినట్టే ఉన్నాయి. నేను కోయకుండా ఉండాలనే పట్టుకుపోయారా అన్న ఆలోచన ఆఖరున వచ్చింది, వచ్చి పోలేదు.

లోపల ఆయన గంట మోగిస్తున్నారు. కత్తెర ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఇనుము వాసన, కాస్త నిమ్మ వాసన. సొరుగులో దాని చోట దాన్ని పెట్టి, తీర్థానికి లోపలికి వెళ్ళాను.