బూడిదగుట్ట మీద భూదేవి

హిందూపురం శివార్లలో, మూతబడ్డ ఫ్యాక్టరీ వెనక బూడిదగుట్ట మీద భార్గవి భూదేవి వేషం కట్టి ఆడుతోంది. మనుషులు నేలతల్లిని ఎట్లా కాల్చుకు తింటున్నారో చూపే నాట్యం అది. చివర్లో జుట్టు విరబోసుకుని వణకాలి. ఆ వణుకు నేర్చుకోవడానికే ఆమెకు మూడు నెలలు పట్టింది.

ఆమె వణికిందో లేదో, చూస్తున్న ఊరి ఆడవాళ్లంతా లేచి నిలబడ్డారు.

"అమ్మ పూనిండాది!" అంటూ అంకమ్మవ్వ చెంబుతో బోరు నీళ్లు తెచ్చి ఆమె కాళ్లు కడిగింది. నీళ్లు పడ్డచోటల్లా చర్మం చుర్రున మండింది. ఇది ఉత్త ఆటేనని చెప్పబోయిన భార్గవి, చుట్టూ జోడించిన చేతులు చూసి ఆ మాట మానుకుంది.

"తల్లీ, ఫ్యాక్టరీ మూసినా మా బోరు బాగుపళ్లేదు. పిల్లోళ్లకు ఒళ్లంతా పుండ్లు. ఈ నీళ్లు తాగొచ్చునా? నువ్వే చెప్పల్ల" అంది అవ్వ.

భార్గవి మండుతున్న పాదాల వైపు చూసుకుంది.

"తాగొద్దు."

ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అవ్వ ఇంకాస్త దగ్గరికి జరిగింది.

"సరే తల్లీ. మరి ఏం తాగల్ల?"

సంగీతం ఎప్పుడో ఆగిపోయింది. భార్గవి వణుకు మాత్రం ఆగలేదు.