కుదరని గౌను

ఎవరైనా తుమ్మితే క్షయ అనుకునే మనిషి అమ్మ. కూతురి కుట్టు దుకాణంలో ఓ మూల కూర్చుని గుండీలు కుడుతుంది. ఆ ఆకుపచ్చ గౌను నాలుగోసారి వెనక్కి వచ్చేసరికి ఆవిడ గుండెల్లో రాయి పడింది.

కళ్ళకు గంతలు కట్టినా వెంట్రుకవాసి తేడా లేకుండా కత్తిరించే పిల్ల. అలాంటిది ఒకసారి చెయ్యి బిగుతు, ఒకసారి నడుము వదులు! చూపు మందగించిందా? తలలో ఏ గడ్డైనా లేచిందా? అడిగితే "నీ గుండీలు నువ్వు చూసుకోవే" అంటుంది. గౌను తాలూకు ఆవిడ వస్తే తెర వెనక అరగంట గుసగుసలు. అంతసేపు కొలవడానికి అదేమైనా సర్కస్ గుడారమా?

బుధవారం కూతురు దారాలకు వెళ్ళినప్పుడు అమ్మే గౌను కుట్లు విప్పి, సరిచేసి, ఇస్త్రీ చేసి పెట్టింది. పిల్ల పరువు నిలబెట్టానని మురిసిపోయింది.

కూతురు తిరిగొచ్చిన కాసేపటికే గౌను ఆవిడ వచ్చి తొడుక్కుంది. అచ్చు గుద్దినట్టు సరిపోయింది. అమ్మ సంబరంగా తెర తీసింది. ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. జబ్బల మీద వేళ్ళ ముద్రలు, కొన్ని నల్లగా, కొన్ని పచ్చగా.

"సరిపోయింది అక్కా. మరి నేనిక ఏ వంకతో రావాలి?" అంది కూతురితో.

కూతురు అమ్మను కసరలేదు. ఉన్నది చెప్పింది. ఈవిడ మొగుడు కొడతాడు. ఫోను లాక్కున్నాడు. ఒక్క దర్జీ దగ్గరికి తప్ప గడప దాటనివ్వడు. ఆడవాళ్ళకు ఆశ్రయమిచ్చే వాళ్ళతో ఈవిడ మాట్లాడేది ఇక్కడి ఫోనులోనే. తన కాగితాలు ఒక్కొక్కటే తెచ్చి పీలికల మూట కింద దాచుకుంది. శుక్రవారం వాళ్ళ దగ్గర గది ఖాళీ అవుతుంది.

"ఎప్పుడో వెళ్ళిపొమ్మని చెప్పొచ్చు కదే!"

"దెబ్బలు తినేది ఆవిడ. ఎప్పుడు కదిలితే ప్రాణం దక్కుతుందో ఆవిడకే తెలుసమ్మా. తలుపు తీసి ఉంచడం వరకే నా పని."

'దీని చెయ్యి పోయింది' అని వీధంతా అంటున్నా పిల్ల నోరు విప్పలేదు. ఇంత నిబ్బరం నా కడుపున ఎలా పుట్టిందా అనుకుంది అమ్మ.

అంతలో గుమ్మంలో ఆవిడ మొగుడు. "బాగానే ఉందిగా. ఇక రానక్కర్లేదు."

దుకాణం తగలబడడం, కూతురు ఆసుపత్రిలో ఉండడం, అన్నీ అమ్మ కళ్ళ ముందు తిరిగాయి. అయినా కత్తెర పట్టుకుని లేచింది.

"ఏం బాగు బాబూ! చంక కింద చూడు, ఎలా పీక్కుపోయిందో. ముసలి చేతి కుట్టు మరి!" అంటూ గౌను చెయ్యి కుట్టు కరకరా తెంపేసింది. "శుక్రవారం పంపు. చెయ్యి ఊడిన గౌనుతో తిప్పితే నలుగురూ నవ్వేది నిన్నే."

"ఇదొక దుకాణం!" అని గొణిగాడు అతను. "శుక్రవారమే ఆఖరు."

"ఆఖరే బాబూ" అంది అమ్మ.

శుక్రవారం అతను పనికి వెళ్ళాక ఆవిడ వచ్చింది. పీలికల మూట కింది కాగితాలు తనే తీసుకుంది. వెనక గుమ్మం దగ్గర ఆశ్రయం వాళ్ళ కారు ఆగి ఉంది. తల ఎత్తుకుని నడిచి వెళ్ళి ఎక్కింది. అమ్మ గౌను మడిచి ఒళ్ళో పెట్టింది.

"సరిగ్గా కుట్టాను తల్లీ. ఇక తేవద్దు."

కారు మలుపు తిరిగింది.

"నీ చేతులు వణకలేదేమే ఆ రోజు?" అంది కూతురు.

"వణక్కపోవడమేం, గౌనుతో పాటు నా చీర కొంగూ తెగింది. అది సరే గానీ, ఆ కారుకి బ్రేకులు ఉన్నాయంటావా?"