సంధ్యావందనం అయ్యాకే మాత్ర

పొద్దున్న ఆరింటికి వేసుకోవలసిన బీపీ మాత్ర ఎనిమిది దాటితే గానీ నా గొంతు దిగదు. మా ఆయన సంధ్యావందనం కాకుండా నేను మంచినీళ్లైనా ముట్టను. నలభై ఏళ్ల అలవాటు. ఒకప్పుడు ఇరవై నిమిషాల్లో ముగిసేది. మతిమరుపు జబ్బు వచ్చాక సగంలో మరిచిపోయి, మళ్లీ మొదట చేసే ఆచమనం దగ్గరికే వెళ్తారు. ఈవేళ ఐదుసార్లు మొదలుపెట్టారు, ఒక్కసారీ పూర్తి కాలేదు. ఈలోగా బస్సు వేళయింది. మాత్ర డబ్బాలోనే ఉండిపోయింది.

ఉంగుటూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా ఆయన చెయ్యి వదలకుండా కూర్చున్నాను. మతిమరుపు పెద్దల్ని పగలు చూసుకునే డే కేర్ అక్కడ ఉంది. పదింటికి దింపి ఐదింటికి తెచ్చుకోవాలి. ఆ కాస్త సేపూ నన్ను పడుకోమని డాక్టరుగారు చెప్పారు. ఆయనకేం, చెబుతారు. బట్టలూ దుప్పట్లూ ఎవరు ఉతుకుతారు? అయినా గుడ్డికన్నా మెల్ల మేలు.

గుమ్మంలో నర్సు ప్రసన్నలక్ష్మి నన్ను చూసి ఆగిపోయింది.

"మొహం అదోలా ఉందేంటండీ? ఇలా కూర్చోండి, బీపీ చూస్తాను."

"ఏం లేదమ్మా, బస్సులో గాలి" అన్నాను. నా మాట నాకే ముద్దగా వినిపించింది.

ఎడమ చేతికి పట్టీ చుట్టింది. అంకె చూసి, పట్టీ బిగించి మళ్లీ చూసింది. అప్పుడే నాకు భయం మొదలైంది.

"రెండువందల పది ఉందండీ. మాత్ర వేసుకున్నారా?"

"ఆయన సంధ్య..." అని ఆగిపోయాను. సిగ్గేసింది.

"అంబులెన్స్‌కి ఫోన్ చేస్తున్నానండీ. మీరు కదలకండి."

చావంటే భయం కాదు నాది. నేను పడిపోతే ఐదింటికి ఆయన కోసం ఎవరొస్తారు? మాకు పిల్లలు లేరు. చీకటి పడ్డాక కూడా ఆయన ఇక్కడే గుమ్మం వైపు చూస్తూ కూర్చుంటారు.

పక్క కుర్చీలో ఆయన బుద్ధిగా కూర్చున్నారు.

"ఇంటికి వెళ్దామా సీతా?"

"వెళ్దామండీ" అన్నాను. అబద్ధమాడుతున్నానేమో.

"దేవసహాయంగారూ, జగన్మోహనరావుగారి వాళ్లకి కబురు చెయ్యండి" అంది నర్సు, ఆయన్ని చూపిస్తూ.

గుమాస్తా దేవసహాయం రిజిస్టరు తిరగేశాడు. ఆపదలో పిలవడానికి ఇద్దరి నంబర్లు రాయమన్నారు, ఆయన్ని చేర్చిన రోజున. రెండో మనిషి ఎవరూ తోచక రెండు గడుల్లోనూ నా నంబరే రాశాను. ఆ సంగతి చెప్పాలని నోరు తెరిచాను. మాట రాలేదు.

నా ఒళ్లో సంచిలో ఫోన్ మోగింది.

"సీతా, ఫోన్ తియ్యి" అన్నారు ఆయన.

తియ్యబోయాను. కుడిచెయ్యి లేవలేదు.